ఆపద సొమ్ము, పంపకపు సూత్రం



ఇల్లు కాలుతున్నప్పుడు బావి త్రవ్వబూనినవాణ్ణి గురించిన సామెత మనందరికీ తెలిసినదే. బావి ఉండీ చేంతాడు అందకపోతే ఏమి గతి అన్నది మాత్రం ఆ సామెత చెప్పదు. అమెరికాలోని ప్రభుత్వ పాఠశాలలకు ఆపత్కాలంలో నిధులు పంచిన చరిత్రను కొంతకాలంగా చదువుతున్నాను. దాదాపు తొంభై యేండ్ల ఆ చరిత్రలో బావిలో నీళ్ళు లేవన్న సందర్భాలు తక్కువ. ఆ నీళ్ళు ఎవరి బిందెలో పడాలన్న తగవులే ఎక్కువ. మన బ్లాగ్మిత్రులలో చాలామంది ఆ దేశంలో స్థిరపడినవారే. వారి పిల్లలు చదువుకొనే బడుల కథ ఇది. ముప్పై యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్న నావంటి వానికి, బడికి సొమ్ము ఎలా వస్తుందన్న ప్రశ్న ఏ దేశానిదైనా ఆసక్తికరమే. అందుకే ఈ టపా.

డిస్ట్రిక్టు అంటే జిల్లా కాదు

ముందుగా ఒక మాటను విడమరచవలసి ఉన్నది. 'స్కూల్ డిస్ట్రిక్టు' అనగానే మనకు జిల్లా, జిల్లా విద్యాశాఖాధికారి స్ఫురిస్తారు. అక్కడి అర్థం వేరు. అది కొన్ని బడుల నిర్వహణ కోసమే ఏర్పడిన స్థానిక పాలనా విభాగం. చాలాచోట్ల దానికి ఎన్నికైన పాలకమండలి ఉంటుంది, సొంత పన్నుల రాబడి ఉంటుంది, సొంత ఉద్యోగులుంటారు. మన జిల్లా పరిషత్ పాఠశాలలో ఉపాధ్యాయుడికి జీతం ప్రభుత్వ ఖజానా నుండి వస్తుంది. ఊరు పేదదైనా ధనికమైనా జీతంలో తేడా ఉండదు. అక్కడ అలా కాదు. బడి ఖర్చులో పెద్దభాగం స్థానికుల ఇండ్లపై, స్థలాలపై వేసే ఆస్తిపన్ను నుండి రావలసిందే. ఇండ్ల ధరలు ఎక్కువగా ఉన్నచోట బడికి కలిమి, తక్కువగా ఉన్నచోట లేమి.

1939-40 నాటికి అటువంటి డిస్ట్రిక్టులు ఆ దేశంలో లక్షా పదిహేడు వేలకు పైగా ఉండేవి. కొన్నింటికి ఒక్క గది బడి తప్ప మరేమీ లేదు. క్రమేణా విలీనమవుతూ ఇప్పుడు దాదాపు పదమూడు వేలయ్యాయి. అమెరికా రాజ్యాంగంలో విద్య అన్న మాటే లేదు. కావున అది రాష్ట్రాల బాధ్యత. రాష్ట్రాలు దానిని డిస్ట్రిక్టులకు అప్పగించాయి. మామూలు రోజుల్లో కేంద్ర ప్రభుత్వానికి (వారి భాషలో ఫెడరల్ ప్రభుత్వానికి) బడితో సంబంధం స్వల్పమే. అయితే పెద్ద ఆపద వచ్చినప్పుడు అప్పు చేసి అయినా ఖర్చుపెట్టగల స్తోమత కేంద్రానికే ఉంటుంది. ఈ చరిత్ర అంతటికీ మూలమైన చిక్కు ఇదే. సొమ్ము ఒక చోట ఉన్నది, అవసరం వేలాది చోట్ల ఉన్నది, ఆ రెంటినీ కలిపే కాలువ మాత్రం లేదు.

జీతాలు లేని ఉపాధ్యాయులు

1929లో మొదలైన ఆర్థిక మహామాంద్యం ఆస్తిపన్నును దెబ్బతీసింది. ఉద్యోగాలు పోయినవారు పన్ను కట్టలేకపోయారు. ఇండ్ల విలువలు పడిపోయాయి, బ్యాంకులు మూతపడ్డాయి. గ్రామసీమల్లో బడులు ఏడాదిలో కొద్ది నెలలు మాత్రమే నడిచాయి, కొన్ని మూతపడ్డాయి. నగరాలలో షికాగో స్థితి అన్నింటికన్న హీనం. అక్కడ ఆస్తుల విలువను తిరిగి మదింపు చేయడంలో జరిగిన జాప్యం, దానికి తోడు స్థలాల యజమానులు సాగించిన పన్నుల ఎగవేత ఉద్యమం కలిసి నగర ఖజానాను ఖాళీ చేశాయి. ఉపాధ్యాయులకు నెలల తరబడి జీతం లేదు. ఇచ్చిన నెలల్లోనూ నగదుకు బదులు పన్ను వసూలయ్యాక చెల్లిస్తామన్న కాగితాలిచ్చారు. ఆ కాగితాలను వర్తకులు ముఖవిలువకు తీసుకోలేదు. 1933 ఏప్రిల్‌లో వేలాది మంది ఉపాధ్యాయులు వీధుల్లోకి వచ్చి, నగరంలోని పెద్ద బ్యాంకుల మీదికి వెళ్ళారు. పిల్లలకు క్రమశిక్షణ బోధించేవారు బ్యాంకుల తలుపులు బాదవలసి వచ్చింది.

ఆ ఏడాది మే 12న ఫెడరల్ అత్యవసర సహాయ చట్టం వచ్చింది. యాభై కోట్ల డాలర్ల నిధి. దాని నిర్వహణ హ్యారీ హాప్కిన్స్ చేతికి వచ్చింది. ఆయన బాధ్యత తీసుకొన్న తొలి గంటల్లోనే యాభై లక్షల డాలర్లకు పైగా రాష్ట్రాలకు మంజూరు చేసిన వేగం చరిత్రకెక్కింది. అయితే ఆ నిధిని చట్టం రెండు సమభాగాలు చేసిన తీరు మనం గమనించవలసినది. ఒక సగం వాటాకు వాటా పద్ధతి. గడచిన మూడు నెలల్లో రాష్ట్రంలో ప్రజాధనం నుండి సహాయానికి మూడు డాలర్లు వెచ్చించి ఉంటే, కేంద్రం ఒక డాలరు ఇస్తుంది. రెండవ సగం అవసరాన్ని బట్టి, హాప్కిన్స్ విచక్షణను బట్టి.

వినడానికి వాటా పద్ధతి న్యాయంగానే ఉన్నది. ఎవరి శ్రమ వారు చేయాలి గదా! కాని ఆలోచించండి. మూడు డాలర్లు వెచ్చించగలిగిన రాష్ట్రం ఏది? ఇంకా కొంత మిగిలిన రాష్ట్రం. ఖజానా పూర్తిగా అడుగంటిన రాష్ట్రానికి ఆ మూడు డాలర్లే లేవు. కావున మరింత ఎండిన పొలానికి మరింత తక్కువ నీరు. ఈ సంగతి ఆచరణలో త్వరగానే బయటపడింది. తరువాతి నిధులను వాటా షరతు లేకుండా అవసరాన్ని బట్టి ఇచ్చారు. ఆపద సొమ్మును ఉన్నవారి లెక్కన పంచరాదన్న తొలి పాఠం అలా నేర్చుకొన్నారు.

బడుల విషయంలో మరొక తిరకాసు ఉన్నది. కేంద్రం బడులకు నేరుగా డబ్బిస్తే విద్యపై పెత్తనం చేస్తుందన్న భయం నాడు బలంగా ఉండేది. అందుచేత 1933 ఆగస్టులో హాప్కిన్స్ ఒక పక్కదారి పట్టాడు. సొమ్ము బడికి కాదు, పని లేని ఉపాధ్యాయుడికి. సహాయానికి అర్హుడైన నిరుద్యోగి కనుక అతనికి కూలి ఇస్తున్నాము, ఆ కూలికి పల్లె బడిలో పాఠం చెబుతాడు, వయోజనులకు అక్షరాలు నేర్పుతాడు అన్న వాదన. దీనివల్ల చాలా పల్లె బడులు నిలబడ్డాయి. కాని జీతం రాకపోయినా మానకుండా పని చేస్తున్న షికాగో ఉపాధ్యాయిని ఆ లెక్కలో నిరుద్యోగి కాదు. ఆమె బకాయిలు తీరడానికి 1934 ఆగస్టు దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు కేంద్ర ప్రభుత్వపు ఋణసంస్థ షికాగో పాఠశాల మండలికి అప్పు ఇచ్చింది. అది దానం కాదు, అప్పు.

ఒక సూత్రం పుట్టుక

ఆ తరువాత ముప్పై యేండ్లు బడులకు స్థిరమైన కేంద్ర సహాయం కావాలని ఎన్నో బిల్లులు వచ్చాయి, పోయాయి. దక్షిణాది రాష్ట్రాల జాతి వివక్ష ఒక అడ్డు. మత సంస్థల బడులకు ఇవ్వాలా వద్దా అన్నది రెండవ అడ్డు. కేంద్రం పెత్తనమన్న భయం మూడవది. యుద్ధకాలంలో 1940 నాటి లాన్‌హామ్ చట్టం, 1950లో వచ్చిన రెండు చట్టాలు ఒక చిన్న సందు తెరిచాయి. సైనిక స్థావరాల వల్లనో కేంద్ర ప్రభుత్వ భూముల వల్లనో పిల్లలు పెరిగి పన్ను తగ్గిన డిస్ట్రిక్టులకు కేంద్రం పరిహారం ఇస్తుంది. భారం మోపినవాడు భరించాలన్న న్యాయం అది. 1965 సెప్టెంబరులో బెట్సీ అనే తుఫాను న్యూ ఆర్లీన్స్ ప్రాంతాన్ని ముంచెత్తిన తరువాత, ఆ ఏడాది నవంబరు 1న ఆ చట్టాలకే సవరణ చేసి, ప్రకృతి వైపరీత్యాల్లో దెబ్బతిన్న బడులకు కూడా సహాయం అందే ఏర్పాటు చేశారు. న్యూ ఆర్లీన్స్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అదే 1965లో ఏప్రిల్ 11న, టెక్సాస్‌లో తాను చిన్నతనాన చదువుకొన్న చిన్న బడి ముంగిట, తనకు అక్షరాలు దిద్దబెట్టిన ఉపాధ్యాయురాలిని పక్కన కూర్చోబెట్టుకొని, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టంపై సంతకం చేశాడు. ఆయన కూడా ఒకప్పటి బడిపంతులే. 1928లో టెక్సాస్ రాష్ట్రంలోని కొటుల్లాలో మెక్సికన్ మూలాల పేద పిల్లలకు పాఠాలు చెప్పాడు. ఆ చట్టంలోని మొదటి అధ్యాయమే నేటికీ టైటిల్ వన్ అని ప్రసిద్ధం.

ముప్పై యేండ్ల అడ్డంకులను ఆ చట్టం దాటడానికి కారణం ఒక సూత్రం. బడికి సహాయమనలేదు, పేద పిల్లవాడికి సహాయమన్నారు. 1960 జనాభా లెక్కల ప్రకారం, ఏటా రెండువేల డాలర్లకన్న తక్కువ ఆదాయమున్న కుటుంబాలలో అయిదు నుండి పదిహేడేళ్ళ లోపు పిల్లలెందరో లెక్కించాలి. ప్రభుత్వ భృతి పొందుతున్నందువల్ల ఆ గీత దాటిన కుటుంబాల పిల్లలను దానికి కలపాలి. ఆ సంఖ్యను ఆ రాష్ట్రంలో విద్యార్థికి సగటున అయ్యే ఖర్చులో సగంతో హెచ్చవేయాలి. వచ్చినదే ఆ ప్రాంతపు వాటా.

వ్యాకరణం చదువుకొన్నవారికి సూత్రమంటే గౌరవం ఎక్కువ. అక్షరాలు కొద్దిగా ఉండాలి, సందేహానికి చోటుండకూడదు. ఈ సూత్రం కొంతవరకు అటువంటిదే. ఎవరినీ దేబిరించనక్కరలేదు. పలుకుబడి గల సభ్యుడి సిఫారసు అక్కరలేదు. పిల్లలున్నచోటికి లెక్క ప్రకారం సొమ్ము పోతుంది. అయితే సూత్రంలోని ఒక్క గుణకం కథ మార్చేసింది. రాష్ట్రపు సగటు ఖర్చుతో హెచ్చవేయడం వల్ల, బడిపై ఎక్కువ ఖర్చు చేసే సంపన్న రాష్ట్రంలోని పేద పిల్లవాడి విలువ, దరిద్రపు మిసిసిపీలోని పేద పిల్లవాడి విలువ కన్న ఎక్కువైంది. వాటా పద్ధతిని వాకిట్లో నుండి పంపితే, అది పెరటి గుమ్మంలో నుండి తిరిగి వచ్చిందన్న మాట.

చేరిన తరువాత ఏమయిందన్నది మరొక ప్రశ్న. 1969లో రూబీ మార్టిన్, ఫిలిస్ మెక్లూర్ అన్న ఇద్దరు మహిళలు ప్రభుత్వపు తనిఖీ పత్రాలన్నీ జల్లెడ పట్టి ఒక నివేదిక వెలువరించారు. పేద పిల్లల పేర వచ్చిన సొమ్మును చాలా డిస్ట్రిక్టులు మామూలు ఖర్చులకు, అందరికీ పనికివచ్చే సామగ్రికి వాడుకొన్నాయని అందులో చూపారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. ఆ నివేదిక ఫలితంగానే, వచ్చిన సొమ్ము ఉన్నదానిపై అదనంగా ఉండాలే గాని ఉన్నదానికి బదులు కారాదన్న నియమం బిగుసుకొన్నది. 'అదనం', 'బదులు' అన్న రెండు మాటల మధ్య భేదం చుట్టూనే తరువాతి తగవులన్నీ తిరిగాయి.

పిల్లలే కదిలిపోతే

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను వచ్చింది. న్యూ ఆర్లీన్స్ మళ్ళీ మునిగింది. లూసియానా, మిసిసిపీ రాష్ట్రాల్లో బడులు కూలాయి. లక్షల సంఖ్యలో పిల్లలు ఊరు విడిచారు. హ్యూస్టన్ వంటి నగరాల బడుల్లోకి వేలమంది ఒక్కసారిగా వచ్చిపడ్డారు. ఇక్కడ టైటిల్ వన్ లెక్క పనికిరాలేదు. అది నిరుటి పిల్లలు నిరుటి ఊళ్ళో ఉన్నారనుకొనే లెక్క. పిల్లలు కదిలిపోయినప్పుడు సొమ్ము వారి వెంట నడవాలి.

అందుకోసం కాంగ్రెసు (మన పార్లమెంటు వంటిది) ఒక కొత్త చట్టం చేసింది. దానిలో ముఖ్యంగా రెండు పాయలున్నాయి. మూతపడిన బడులు తిరిగి తెరవడానికి 75 కోట్ల డాలర్లు ఒక పాయ. నిర్వాసిత పిల్లలను చేర్చుకొన్న బడులకు తలకు ఇంత అని ఇచ్చేది రెండవ పాయ. మూడు నెలలకొకసారి పిల్లలను లెక్కించి, ఏడాదికి ఒక్కొక్కరికి 6,000 డాలర్ల వరకు, వికలాంగులైన పిల్లలకు 7,500 వరకు ఇవ్వాలన్నారు. దీనికి మొదట కేటాయించిన 64.5 కోట్ల డాలర్లు చాలక, 2006 జూన్‌లో మరొక 23.5 కోట్లు చేర్చారు.

తలల లెక్క చక్కని లెక్కే. లోపం కాలంలో ఉన్నది. తుఫాను ఆగస్టులో వచ్చింది, చట్టంపై సంతకం డిసెంబరు 30న పడింది. బడి తెరిచిన మొదటివారం నుండి బల్లలు, పుస్తకాలు, ఉపాధ్యాయులు కావాలి. ఆ నాలుగు నెలలూ చేర్చుకొన్న డిస్ట్రిక్టులు సొంత సొమ్ముతో నెట్టుకొచ్చాయి. మునిగిన డిస్ట్రిక్టుకు నెట్టుకురావడానికి ఏమీ లేదు. న్యూ ఆర్లీన్స్ పాఠశాల మండలి తన ఉద్యోగులను జీతం లేని సెలవులో పెట్టి, ఆ తరువాత తొలగించింది. అలా ఏడువేల మందికి పైగా జీవనాధారం కోల్పోయారు. వారిలో ఎక్కువమంది నల్లజాతివారు. 2005 నవంబరులో రాష్ట్రం చట్టం చేసి ఆ నగరంలోని నూటికి పైగా బడులను మండలి చేతి నుండి తీసుకొన్నది. ఇక భవనాల పునర్నిర్మాణానికి కేంద్ర విపత్తు నివారణ సంస్థ నుండి 180 కోట్ల డాలర్ల ఏకమొత్తపు ఒప్పందం కుదిరినది 2010 ఆగస్టులో. అప్పటికి అయిదేండ్లు. మొదటి తరగతిలో ఇల్లు పోగొట్టుకొన్న పిల్లవాడు ఆరవ తరగతికి వచ్చాడు.

సందులోని పూజారులు

2008 నాటి ఆర్థిక సంక్షోభంలో వచ్చిన ఆపద వేరు. బడులు కూలలేదు, రాష్ట్రాల రాబడి కూలింది. 2009 ఫిబ్రవరి చట్టంలో రాష్ట్రాల స్థిరీకరణ నిధిగా 5,360 కోట్ల డాలర్లు, టైటిల్ వన్ కింద అదనంగా 1,000 కోట్ల డాలర్లు కేటాయించారు. స్థిరీకరణ నిధి రాష్ట్ర ప్రభుత్వాల చేతుల మీదుగా, చాలావరకు రాష్ట్రాల సొంత సూత్రాల ప్రకారం పోయింది. ఇక్కడ 'బదులు' అన్న పాత జబ్బు పెద్దయెత్తున తిరగబెట్టింది. టెక్సాస్ రాష్ట్రం దాదాపు 320 కోట్ల డాలర్ల విద్యానిధిని తన బడ్జెట్ లోటు పూడ్చడానికి వాడుకొన్నది. కేంద్రం నుండి వచ్చినంత మేర తాను ఇవ్వవలసినది తగ్గించుకొంటే బడికి మిగిలేది శూన్యమే గదా!

దానికి మందుగా 2010 ఆగస్టులో ఉపాధ్యాయ ఉద్యోగాల రక్షణకు వచ్చిన 1,000 కోట్ల డాలర్ల చట్టంలో, ఒక్క టెక్సాస్‌కే వర్తించే ప్రత్యేక నిబంధన పెట్టారు. మునుముందు బడులకిచ్చే రాష్ట్ర నిధుల వాటాను తగ్గించబోమని గవర్నరు మాట ఇవ్వాలన్నది దాని సారాంశం. అలా మాట ఇవ్వడానికి రాష్ట్ర రాజ్యాంగం ఒప్పుకోదని గవర్నరు వాదించాడు. ఎనభై కోట్లకు పైగా డాలర్లు నెలల తరబడి నిలిచిపోయాయి. 2011 ఏప్రిల్‌లో ఆ నిబంధనను రద్దు చేసిన తరువాత గాని కదలలేదు. పెద్దలు ఇద్దరు తగవులాడుకొంటున్నంత సేపూ గిన్నె పట్టుకొని నిలబడ్డది డిస్ట్రిక్టులే.

మహమ్మారి నాటి వరద

2020 మార్చిలో కరోనా కారణంగా దేశమంతటా ఒక్క నెలలో బడులు మూతపడ్డాయి. ఈసారి కాంగ్రెసు కొత్త సూత్రం కోసం వెదకలేదు. మార్చి 27 నాటి చట్టంలో 1,320 కోట్ల డాలర్లు, డిసెంబరు 27 నాటి చట్టంలో 5,430 కోట్లు, 2021 మార్చి 11 నాటి చట్టంలో 12,200 కోట్లు. మొత్తం దాదాపు 19,000 కోట్ల డాలర్లు. ఆ దేశ చరిత్రలో బడులకు ఇంతటి కేంద్ర సహాయం ఒక్కసారిగా ఎన్నడూ రాలేదు. రాష్ట్రాలకు వాటా టైటిల్ వన్ లెక్కనే. రాష్ట్రం తన చేతికి వచ్చినదానిలో కనీసం నూటికి తొంభై వంతులు డిస్ట్రిక్టులకు మళ్ళీ టైటిల్ వన్ లెక్కనే పంచాలి. 1965లో త్రవ్విన కాలువలోకి 2020 వరద నీటిని వదిలారు. అందుకే త్వరగా పారింది.

పాత కాలువలోని మెరకలు, గుంతలు కూడా అలాగే ఉన్నాయి. ఈ అరవై యేండ్లలో టైటిల్ వన్ ఒక సూత్రం నాలుగు సూత్రాలయింది. చిన్న రాష్ట్రాలకు కనీసపు హామీలు చేరాయి. పేదల శాతం తక్కువైనా సంఖ్య ఎక్కువైన పెద్ద డిస్ట్రిక్టులకు అనుకూలించే బరువులు చేరాయి. ఒకే మోతాదు పేదరికమున్న రెండు డిస్ట్రిక్టులకు వేర్వేరు మొత్తాలు అందడం అందువల్లనే. ఘోరమైన పేదరికమున్న డిట్రాయిట్ డిస్ట్రిక్టుకు మూడు విడతలలో కలిపి దాదాపు 127 కోట్ల డాలర్లు వచ్చాయి. అంటే విద్యార్థికి పాతికవేల డాలర్ల ప్రాంతం. టైటిల్ వన్ జాబితాలో లేని డిస్ట్రిక్టులకు ఆ తొంభై వంతుల్లో ఏమీ రాలేదు. మూతపడిన బడి ఖర్చులు వాటికీ ఉన్నాయి. పేద పిల్లలకు ఆపద ఎక్కువ తగిలిందన్నది నిజమే కనుక, మొత్తం మీద ఈ సూత్రాన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. గీతకు అటూ ఇటూ నిలిచినవారి కష్టం మాత్రం సూత్రానికి కనిపించదు.

ఈ మధ్యలో భాషాపండితులకు నచ్చే ఒక వ్యాజ్యం నడిచింది. డిస్ట్రిక్టు తనకు వచ్చిన దానిలో ప్రైవేటు బడుల పిల్లలకు కూడా సేవలందించాలని 2020 మార్చి చట్టం చెప్పింది. ఎలా? విద్యా చట్టంలోని 1117వ సెక్షనులో ఉన్న 'రీతిలోనే' అని చెప్పింది. ఆ సెక్షను పేద పిల్లల సంఖ్యను లెక్కలోకి తీసుకొంటుంది. నాటి విద్యాశాఖ కార్యదర్శి బెట్సీ డివాస్ మాత్రం ప్రైవేటు బడుల్లోని పిల్లలందరినీ లెక్కలోకి తీసుకోవచ్చునని అన్వయించి, జూలై 1న నిబంధన జారీ చేయించారు. ధనికుల బడి పిల్లలూ లెక్కలోకి వస్తే, ఆ మేరకు పేదల బడి వాటా కరుగుతుంది. వ్యవహారం న్యాయస్థానాలకెక్కింది. సెప్టెంబరు 4న వాషింగ్టన్ నగరపు ఫెడరల్ న్యాయమూర్తి ఆ నిబంధనను కొట్టివేశారు. చట్టపు మాటల అర్థం స్పష్టంగానే ఉన్నదని, అన్వయానికి తావు లేదని తేల్చారు. 'రీతి' అన్న ఒక్క మాటకు అర్థం తేలేసరికి వేసవి గడిచి బడులు తెరిచే వేళ అయింది. విభక్తి తప్పితే పద్యం చెడుతుందని మనం పిల్లలకు చెబుతాము. చట్టంలో అన్వయం తప్పితే పిల్లల పద్దు చెడుతుంది.

2021 చట్టం పాత అనుభవాలను కొంత గుర్తుపెట్టుకొన్నది. అత్యంత పేద డిస్ట్రిక్టులకు రాష్ట్రం విద్యార్థికి ఇచ్చే సొమ్మును 2019 నాటి స్థాయి కన్న తగ్గించరాదన్నది. అది 1969 నాటి నివేదికకు, 2009 నాటి టెక్సాస్‌కు ఒకేసారి ఇచ్చిన సమాధానం. డిస్ట్రిక్టు తన వాటాలో కనీసం అయిదవ వంతు, పిల్లలు కోల్పోయిన చదువును పూరించడానికే వెచ్చించాలన్నది. గడువు 2024 సెప్టెంబరు 30. ఆలోగా దేనికి వెచ్చించేదీ ఒప్పందాలతో కట్టుబడాలి.

ఫలితమేమిటి? 2024 జూన్‌లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా లెక్కకట్టి ఇంచుమించు ఒకే మాట చెప్పాయి. విద్యార్థికి వెయ్యి డాలర్లు వెచ్చించినచోట గణితంలో ఒక విద్యాసంవత్సరపు చదువులో సుమారు నూటికి మూడు వంతులు తిరిగి వచ్చింది. లాభం ఉన్నది, అద్భుతమేమీ కాదు. విచిత్రమేమంటే, ఆ లెక్క కట్టడానికి వారికి ఉపకరించినది పైన చెప్పిన సూత్రపు వంకరలే. ఒకే స్థితిలో ఉన్న రెండు డిస్ట్రిక్టులకు వేర్వేరు మొత్తాలు అందినందువల్లనే, ఎక్కువ సొమ్ముతో ఎంత ఎక్కువ చదువు వచ్చిందో కొలవడం వీలయింది. పంపకంలోని అన్యాయం పరిశోధకుడికి తరాజు అయింది.

ముగింపులోనూ తగవు తప్పలేదు. గడువులోగా ఒప్పందం చేసుకొన్న పనులకు చెల్లింపులు జరపడానికి ఇచ్చిన పొడిగింపులను విద్యాశాఖ 2025 మార్చి 28న హఠాత్తుగా రద్దు చేసింది. రాష్ట్రాలు మళ్ళీ న్యాయస్థానం మెట్లెక్కాయి.

లెక్కలో ఎవరున్నారు?

ఇంత చరిత్ర చదివాక నాకు తోచినది ఇది. ఆపదలో పంపకానికి మూడు లెక్కలు వాడి చూశారు. వాటాకు వాటా అన్న లెక్క ఉన్నవాడికే పెట్టింది. తలల లెక్క సరైన చోటికే చేరింది గాని, ఆలస్యంగా చేరింది. పేదరికపు లెక్క వేగంగా చేరింది గాని, తన పాత వంకరలను వెంట తెచ్చుకొన్నది. మూడింటిలో మూడవదే మేలు. అయితే ఆ మేలు 2020లో పుట్టినది కాదు. ఏ ఆపదా లేని రోజుల్లో ఏటేటా పిల్లలను లెక్కించి, తగవులాడి, దిద్దుకొంటూ వచ్చిన యంత్రాంగం ఉన్నందువల్ల వచ్చినది. కత్రినా నాడు అటువంటి యంత్రాంగం సిద్ధంగా లేక నాలుగు నెలలు పోయాయి.

దయ ఆపద వచ్చినప్పుడు పుడుతుంది. లెక్క మాత్రం ముందే ఉండాలి. ఆ లెక్కలో ఏ పిల్లవాడికి ఎంత బరువు వేయాలో తీరిక వేళ తేల్చుకోకపోతే, తీరని వేళ పాత తప్పే పదింతలై పారుతుంది. మిసిసిపీ పిల్లవాడి బరువు తక్కువ వేసిన గుణకం 1965లో ఒక చిన్న అంకె. రాష్ట్రపు ఖర్చును బట్టి హెచ్చవేసే ఆ పద్ధతి కొన్ని మార్పులతో నేటికీ నిలిచి, 2021లో వేల కోట్ల డాలర్లతో పాటు ప్రవహించింది.

అమెరికాలో ఉన్న మిత్రులకు ఒక విన్నపం. మీ డిస్ట్రిక్టు పాఠశాల మండలి సమావేశాలు బహిరంగంగానే జరుగుతాయట. ఈ నిధులు మీ ఊరి బడికి ఎంత వచ్చాయో, దేనికి వెచ్చించారో, గడువు తీరాక ఏ ఉద్యోగాలు నిలిచాయో, ఏవి పోయాయో తెలిసినవారు వ్యాఖ్యలలో వ్రాయగలరు. ఊరి పేరు చెప్పనక్కరలేదు, లెక్క చెబితే చాలు.

సెలవు.